బండి చుట్టూ పిల్లలు, పెద్దలెవరూ కనబడరు: ప్రదర్శనలో ఏం చేయాలి?

మీరు అడిగింది ఇది: ఏళ్ల తరబడి బాగుచేసుకున్న పాత కారు ఒకటి, దాని పక్కనే పాత మోటార్‌సైకిల్ ఒకటి, రెండు రోజుల బహిరంగ ప్రదర్శనలో పెడుతున్నారు. కిందటిసారి ఐదారేళ్ల పిల్లలు ఫుట్‌బోర్డు ఎక్కారు, హారన్ నొక్కారు, మడ్‌గార్డు మీద ఐస్‌క్రీం వేళ్లు పడ్డాయి. వాళ్ల తాలూకు పెద్దలు దరిదాపుల్లో లేరు. ఎవరితోనూ గొడవ పడకుండా ఈసారి ఎలా ఆపాలి అని.

పిల్లలతో ఏం మాట్లాడాలన్నది తర్వాత చెబుతాను, ఎందుకంటే ఈ పనిలో అది చిన్న భాగం. చెయ్యి పెయింటుకు అందాక నోటితో ఆపడం దాదాపు కుదరదు. "వద్దు" అని మీరు అరిచేసరికి పిల్లవాడు ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంటాడు, చేతిలోని బొమ్మో, గాజో, ఉంగరమో పెయింటు మీద ఈడ్చుకుపోతుంది. మామూలుగా ముట్టుకుంటే పడని గీత, అరవడం వల్ల పడుతుంది. కాబట్టి చెయ్యి అందకుండా చేయాలి. దానికంటే ముందు, అడ్డుగా కట్టే తాడు దాటి వచ్చినా పిల్లలకు దెబ్బ తగలకుండా బండిని సిద్ధం చేయాలి.

రెంటిలో ఎక్కువ ప్రమాదం మోటార్‌సైకిల్‌దే. 150 నుంచి 200 కిలోల బరువు రెండు చక్రాల మీద నిలబడి ఉంటుంది, పిల్లలకేమో అది గుర్రంలా కనిపిస్తుంది. సైడ్ స్టాండ్ ఎడమ పక్క ఉంటే బండి ఎడమకు వాలి ఉంటుంది. పిల్లవాడు కుడివైపు ఫుట్‌రెస్టు మీద కాలు పెట్టి హ్యాండిల్ పట్టుకుని వేలాడితే బండి నిటారుగా లేచి, ఆ ఊపులో వాడి మీదికే పడుతుంది. అందుకని జనం మధ్య సైడ్ స్టాండ్‌ను నమ్ముకోవద్దు. ముఖ్యంగా బరువు తీయగానే స్ప్రింగుతో తనంతట తానే మడుచుకునే రకమైతే అసలు వాడకండి. సెంటర్ స్టాండ్ వేసి, కింద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క, రెండు కాళ్లూ పట్టేంతది, పరవండి. గడ్డి మీద, తడి మట్టి మీద స్టాండ్ కాలు ఒక పక్క దిగిపోవడం వల్లే చాలా బండ్లు పడతాయి. పొద్దున గట్టిగా ఉన్న నేల మధ్యాహ్నానికి మెత్తబడటం కూడా మామూలే. తర్వాత స్టాండ్ కాలి నుంచి ముందు చక్రం రిమ్ వరకు ఒక నైలాన్ పట్టీ బిగించండి. ఎవరైనా సీటు పట్టుకుని ముందుకు నెట్టినా స్టాండ్ వెనక్కి మడవదు. హ్యాండిల్ తాళం ఉంటే వేసేయండి.

సెంటర్ స్టాండ్ మీద వెనక చక్రం గాల్లో ఉంటే పిల్లలు దాన్ని తిప్పకుండా ఉండలేరు. ఒకడు చక్రం తిప్పుతుంటే ఇంకొకడి వేలు చైనుకూ పళ్లచక్రానికీ మధ్య ఉంటుంది. వేలు తెగిపోయే ప్రమాదం ఇది. బండిని గేర్లో వదిలేస్తే చక్రం అంత తేలిగ్గా తిరగదు. చైను మీద కవరు లేని బండి అయితే కింది భాగంలో, పళ్లచక్రం దగ్గర, ఒక అట్ట అడ్డం కట్టండి. చూడటానికి బాగోదు నిజమే, కానీ న్యాయనిర్ణేతలు వచ్చినప్పుడు తీసి మళ్లీ పెట్టడానికి నిమిషం చాలు.

ఇంకో విషయం చాలామంది మరిచిపోతారు. బ్యాటరీ తీగ తీసేస్తే ఇంజిన్ స్టార్ట్ కాదు అనుకుంటారు. బ్యాటరీ కరెంటుతో నిప్పురవ్వ పుట్టించే కాయిల్ ఇగ్నిషన్ బండికి అది నిజం. మ్యాగ్నెటో, అంటే తనే కరెంటు పుట్టించే పరికరం, ఉన్న బండికి బ్యాటరీతో పనే లేదు, ఇంజిన్ తిరిగితే చాలు నిప్పురవ్వ పుడుతుంది. పెట్రోల్ ట్యాప్ కట్టేసి ఉన్నా కార్బురేటర్ గిన్నెలో మిగిలింది ఒక్కసారి అంటుకోవడానికి సరిపోతుంది. కొంచెం పెద్ద పిల్లవాడు కిక్ రాడ్ మీద రెండు కాళ్లతో దూకితే ఇంజిన్ వెనక్కి తన్ని చీలమండ విరగ్గొట్టగలదు. అందుకని స్పార్క్ ప్లగ్ క్యాప్ ఊడదీయండి. తీసిన తీగను ఊరికే వేలాడదీయకుండా దాని కొస ఇంజిన్ లోహానికి ఆనేలా కట్టండి. దారి లేని కరెంటు మ్యాగ్నెటో లోపలి ఇన్సులేషన్‌ను పాడుచేస్తుంది. హ్యాండిల్ పెట్టి తిప్పి స్టార్ట్ చేసే కారుకీ ఇదే వర్తిస్తుంది. ఆ హ్యాండిల్‌ను మాత్రం అలంకారం కోసం ముందు తగిలించి ఉంచవద్దు.

వేడి సంగతి. నడుపుకుంటూ వచ్చిన బండి సైలెన్సర్ కనీసం గంటసేపు చల్లారాలి. అరచెయ్యి వెనకభాగాన్ని దానికి రెండు వేళ్ల దూరంలో ఐదు సెకన్లు పెట్టండి, హాయిగా ఉంచగలిగితేనే జనాన్ని రానివ్వండి. పిల్లల చర్మం పలచన, కాలడానికి పెద్దవాళ్ల కన్నా తక్కువ సమయం చాలు. కాలితే వెంటనే మామూలు చల్లటి నీళ్లు 20 నిమిషాలు పారనివ్వాలి. ఐసు వద్దు, టూత్‌పేస్టు వద్దు. బొబ్బ లేచినా, అరచేతికన్నా పెద్దగా కాలినా డాక్టరు దగ్గరికి పంపాలి.

బ్రేక్ లీవర్ కొసలు, క్లచ్ లీవర్ కొసలు, నంబర్ ప్లేటు అంచులు ఒకసారి చూసుకోండి. ఐదేళ్ల పిల్లల సగటు ఎత్తు దాదాపు 110 సెంటీమీటర్లు. అంటే కళ్లు నేలనుంచి ఒక మీటరు ఎత్తులో ఉంటాయి, మోటార్‌సైకిల్ హ్యాండిల్ కొస కూడా సరిగ్గా అక్కడే. కొన్ని పాత బండ్ల లీవర్లకు కొసన గుండు ఉండదు. టెన్నిస్ బంతికి కోత పెట్టి తొడిగితే సరిపోతుంది.

బండి పడబోతుంటే ఏం చేయాలో మీ పక్కన కూర్చునేవాళ్లకు ముందే చెప్పి ఉంచండి: పిల్లవాణ్ని లాగండి, బండిని వదిలేయండి. చేతులు మామూలుగా బండి వైపే వెళతాయి, అందుకే ముందే అనుకుని ఉండాలి.

కారు విషయానికొస్తే గేర్లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఒక చక్రానికి ముందూ వెనకా అడ్డుచెక్కలు పెట్టండి. హ్యాండ్‌బ్రేక్ ఒక్కదాని మీదే వదిలేయొద్దు, పిల్లలు కారులోకి వస్తే మొదట లాగేది దాన్నే. బ్యాటరీకి నేలతీగ, అంటే బాడీకి కలిసే తీగ, తీసేయండి. కొన్ని పాత కార్లలో బాడీకి కలిసేది పాజిటివ్, కాబట్టి రంగు చూసి కాకుండా తీగ ఎటు పోతుందో చూసి తీయండి. దీంతో హారన్ మోగదు, స్టార్టర్ తిరగదు. తర్వాతి రోజుల్లో ఎలక్ట్రిక్ ఫ్యాన్ అమర్చిన కారైతే, ఇంజిన్ ఆపాక కూడా వేడికి దానంతట అది తిరిగే ఫ్యాన్ కూడా ఆగిపోతుంది. బానెట్ తెరిచి పెట్టేవాళ్లకు ఈ చివరిది ముఖ్యం. బానెట్‌ను సన్నటి కర్ర మీద నిలబెడితే ఆ కర్రకు మోచెయ్యి తగిలినా పడిపోతుంది. తెరిచి ఉంచాల్సిందే అయితే కర్రకు బిగింపు క్లిప్ పెట్టండి. లేదా మూసేసి, ఇంజిన్ ఫోటో ఒక చట్రంలో పెట్టి పక్కన నిలబెట్టండి. జనం ఆ ఫోటో ముందు ఎంతసేపు నిలబడతారో చూస్తే ఆశ్చర్యమేస్తుంది.

తలుపులన్నీ తాళం, అద్దాలు పైకి. సగం దించిన అద్దాన్ని పట్టుకుని పిల్లలు వేలాడతారు. తలుపు తెరిచి ఉంటే మడతబందుల పక్కన సందులో వేళ్లు పెడతారు, అటు ఇంకెవరో తలుపు మూస్తారు. డిక్కీకి తప్పనిసరిగా తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకోండి. పాత డిక్కీలకు లోపలినుంచి తెరిచే పిడి ఉండదు. అమెరికాలో కొత్త కార్లకు దాన్ని తప్పనిసరి చేసిందే 2001 సెప్టెంబర్‌లో. దాగుడుమూతలాడే పిల్లలకు అంతకన్నా మంచి చోటు కనిపించదు, మూత పడితే లోపల గాలీ సరిగా ఆడదు, గొంతూ బయటికి రాదు. పెట్రోల్ ట్యాంకు మూతకు తాళం లేకపోతే వెడల్పు టేపు వేయండి, నాణేలు, చాక్లెట్లు అందులోకి వెళ్లడం కొత్తేమీ కాదు. కారు కింద కూలెంట్ చుక్కలు పడుతుంటే రేకు పళ్లెం కారు మధ్యకు, చెయ్యి అందనంత లోపలికి జరపండి. కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం.

ఇప్పుడు అడ్డు. అందరూ ఒకే తాడు, ఒక మీటరు ఎత్తున కడతారు. అది పెద్దవాళ్లకు మర్యాద గుర్తుచేస్తుందే తప్ప ఐదేళ్లవాడు తల కాస్త వంచితే దాటిపోతాడు, మూడేళ్లది వంచాల్సిన పని కూడా లేదు. రెండు తాడులు కావాలి: ఒకటి 90 సెంటీమీటర్ల దగ్గర, రెండోది 45 దగ్గర. తాడు వేలంత లావున, మెత్తగా, దూరంనుంచి కనిపించే రంగులో ఉండాలి. సన్నటి నైలాన్ దారం, తీగ కట్టడం చాలా ప్రమాదం, పరుగెత్తుకొచ్చే పిల్లలకు అది సరిగ్గా మెడ దగ్గర తగులుతుంది. కొక్కెం గట్టిగా లాగితే ఊడిపోయేలా ఉండాలి.

కంబాలు ఎక్కడ పెడతారన్నది ఇంకా ముఖ్యం. పిల్లలు తాడు మీద ఊగుతారు, కంబం లోపలికి ఒరుగుతుంది. ఒక మీటరు ఎత్తు కంబాన్ని కారుకు 60 సెంటీమీటర్ల దూరంలో పెట్టారంటే అది పడేది కారు తలుపు మీదే. పిల్లల చేతుల నుంచి కాపాడటానికి తెచ్చిన ఇనప కంబమే పెయింటును లోహం దాకా చీల్చేస్తుంది. కాబట్టి కంబం ఎత్తు ఎంతో, కారుకు దూరం అంతకన్నా ఎక్కువ ఉండాలి: మీటరు కంబానికి 1.2 మీటర్లు. వంగి చెయ్యి చాచిన పెద్దవాళ్లకు కూడా ఆ దూరంలో బండి అంత తేలిగ్గా అందదు. బటన్ నొక్కితే చుట్టుకుపోయే పట్టీల కంబాలు అద్దెకిస్తారు, నా మాట వింటే వద్దు. పిల్లలు ఆ కొక్కెం ఊడదీసి వదలడాన్ని ఆటగా పెట్టుకుంటారు, ఇనప కొస కొరడాలా వెనక్కి పోతుంది. మీకిచ్చిన చోటు ఇరుగ్గా ఉంటే కారు ఒక పక్కను గోడవైపు పెట్టి అటువైపు దూరాన్ని మిగుల్చుకోండి. మోటార్‌సైకిల్‌ను కారుకూ గోడకూ మధ్య మూలలో పెట్టండి, బయటి అంచున పెట్టకండి.

చోటు ఎంచుకునే వీలుంటే తినుబండారాల పక్కన, ఆటస్థలం పక్కన, మరుగుదొడ్ల వరుస పక్కన తీసుకోకండి. వరుసలో నిలబడ్డ పెద్దలు పిల్లల చెయ్యి వదిలేసేది అక్కడే. మీ కుర్చీ కారు వెనక నీడలో వేసుకుంటే కాపలా లేనట్టే. ముందు మూలన, రెండు పక్కలా కనిపించేలా కూర్చోవాలి. ఒక్కరు రోజంతా చూడలేరు, అరగంటకొకసారి మనిషి మారాలి. భోజనాల తర్వాతి గంట, బహుమతులిచ్చే సమయం అన్నిటికన్నా చెడ్డవి. రెండోదానిలో యజమానులంతా వేదిక దగ్గరుంటారు, పిల్లలంతా బండ్ల దగ్గరుంటారు.

"ముట్టుకోవద్దు" బోర్డు చదవడం రాని వాళ్లకు పనికిరాదు, చదివే పెద్దలు చూసీ చూడనట్టు పోతారు. దాని బదులు "అడగండి, దగ్గరగా చూపిస్తాం" అని రాసి చూడండి. అడిగేవాళ్లు మీ దగ్గరికి వస్తారు, బండి దగ్గరికి కాదు. పిల్లల కోసం అడ్డగీత కొట్టిన అరచెయ్యి బొమ్మ ఒకటి, మీటరు ఎత్తులో.

ముట్టుకోవడానికి ఏదో ఒకటి ఇవ్వడం నిజంగా పనిచేస్తుంది. తాడు బయట చిన్న బల్ల మీద రబ్బరు బుడగ హారన్, పాత హెడ్‌లైట్ డొప్ప, కడిగిన పిస్టన్, స్టీరింగ్ చక్రం లాంటివి నాలుగు పెడితే వేళ్లు అక్కడే ఉంటాయి. కానీ ఏవి పెట్టకూడదో తెలిసుండాలి. పాత బ్రేక్ లైనింగులు, క్లచ్ ప్లేట్లు, గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. చీకట్లో మెరిసే అంకెల పాత మీటర్లలో రేడియం ఉండొచ్చు, అద్దం పగిలినవైతే ఇంట్లో కూడా జాగ్రత్త. పెచ్చులూడే పాత పెయింటులో సీసం ఉండొచ్చు. బ్యాటరీ, అద్దం, పదునైన రేకు వద్దు. మూడేళ్ల లోపువాళ్లు ఏదైనా నోట్లో పెడతారు, 32 మిల్లీమీటర్ల గొట్టంలో పట్టే వస్తువేదీ ఆ బల్ల మీద ఉండకూడదు. నట్లు, బాల్ బేరింగ్ గుండ్లు ముందు ఏరేయండి.

ఇక మాటలు. పిల్లవాడు తాడు దగ్గరికొచ్చినప్పుడే లేవండి, దాటాక కాదు. వాడికీ బండికీ మధ్యలోకి వచ్చి మోకాళ్ల మీద కూర్చోండి. మీ ఒళ్లే అడ్డు, చెయ్యి వేయాల్సిన పని లేదు. చెయ్యి పట్టుకుని లాగడం, భుజం నెట్టడం చేయకండి. ఎవరో పరాయి మనిషి తమ బిడ్డను పట్టుకున్నాడన్నదే తర్వాత అందరికీ గుర్తుంటుంది, బండి సంగతి ఎవరూ అడగరు. దెబ్బ తగిలే క్షణం ఒక్కటే దీనికి మినహాయింపు. "ముట్టుకోకు" అన్నప్పుడు పిల్లలకు వినిపించేది ముట్టుకోవడమే. చేయాల్సింది చెప్పండి: "నాన్నా, చేతులు వెనక్కి కట్టుకుని నాతో రా, ఈ చక్రానికి పుల్లలెన్నో లెక్కపెడదాం." స్పోకులు లెక్కపెట్టే పిల్లవాడు 20 దాటేసరికి తప్పు లెక్కపెట్టి మళ్లీ మొదలెడతాడు, ఆలోగా వాళ్లమ్మ రావచ్చు. ఎనిమిది, పదేళ్ల వాళ్లకు ఈ ఆట చిన్నతనంగా అనిపిస్తుంది. వాళ్లకు కాపలా అప్పగించండి: "తమ్ముళ్లెవరైనా తాడు దాటితే నాకు చెప్తావా?" మీకన్నా కఠినంగా చూసుకుంటారు. గుంపుగా వస్తే అందరితో మాట్లాడకండి, ముందు నడిచేవాడు ఎవడో చూసి వాడితో మాట్లాడండి.

పెద్దలు వచ్చాక పెంపకం గురించి ఒక్క ముక్క కూడా వద్దు. "మా పెయింటు పాడవుతుంది" అంటే "ఓ గీతకు ఇంత రాద్ధాంతమా" అంటారు. "అమ్మా, ఈ సైలెన్సర్ కాలుతుంది, పాప చెయ్యి పెట్టబోయింది, కాస్త పట్టుకోండి" అంటే పరుగెత్తుకొస్తారు. అబద్ధం మాత్రం చెప్పొద్దు, చల్లారిన సైలెన్సర్‌ను ముట్టుకుని చూసేవాళ్లుంటారు. బరువు గురించి చెప్పండి, అది ఎప్పుడూ నిజమే. అదే కుటుంబం మూడోసారి వస్తే మీరు మాట్లాడకుండా నిర్వాహకుల మనిషిని పిలవండి. వాళ్ల బ్యాడ్జీకి ఉండే బరువు మీ మాటకు ఉండదు.

చాలాసేపు ఎవరూ రాకపోతే అది తప్పిపోయిన పిల్లల విషయం, బండి విషయం కాదు. పిల్లవాణ్ని అక్కడే, నలుగురికీ కనిపించేచోట ఉంచండి, ఇంకొక పెద్దమనిషిని పక్కన పెట్టుకోండి. వెతకడానికి మీ వెంట తీసుకెళ్లొద్దు, కారులో కూర్చోబెట్టొద్దు, తినడానికి ఏమీ ఇవ్వొద్దు, ఫోటో తీసి ఎక్కడా పెట్టొద్దు. మైకులో పేరు చెప్పించకుండా, పిల్లల తాలూకు పెద్దలు సమాచార కేంద్రానికి రావాలని మాత్రమే చెప్పించండి. వచ్చినవాళ్లనే పేరు, బట్టల రంగు అడగాలి.

ఇంత చేసినా వేళ్లు పడతాయి. పడగానే పొడిగుడ్డతో తుడవడమే అసలు నష్టం. పెయింటు మీద పరుచుకున్న దుమ్ములో క్వార్ట్జ్ రేణువులుంటాయి, అవి గాజు కన్నా గట్టివి. పొడిగా రుద్దితే వేలిముద్ర పోయి, దాని చోట ఎండలో కనిపించే సన్నటి గీతల వల మిగులుతుంది. కారు వేడిగా ఉంటే ముందు నీడ చేయండి. క్విక్ డీటెయిలర్, అంటే పెయింటు తుడవడానికి చల్లే ద్రవం, బాగా చల్లి అర నిమిషం ఆగి, నాలుగు మడతలు వేసిన మైక్రోఫైబర్ గుడ్డతో బరువు వేయకుండా ఒకే వైపుకు లాగండి, ప్రతి లాగుకూ మడత మార్చండి. ఐస్‌క్రీం, జామ్ లాంటి జిగురైతే నీళ్లలో తడిపిన గుడ్డను దాని మీద రెండు మూడు నిమిషాలు పరిచి కరగనివ్వాలి. చూయింగ్ గమ్‌కు ఐసు ముక్కలు సంచిలో వేసి ఆనించి, గట్టిపడ్డాక ప్లాస్టిక్ కార్డుతో లేపాలి. పాత ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు అయితే గుడ్డకు కాస్త రంగు అంటుతుంది, కంగారు పడకండి, పైన క్లియర్ కోట్, అంటే రంగు లేని పారదర్శక పొర, లేనిదానికి అది మామూలే. దోమల మందులోని డీట్, చేతికి రాసుకునే ఆల్కహాల్ శానిటైజర్ వీటికి మాత్రం ఆలస్యం చేయకూడదు. మొదటిది పెయింటునీ ప్లాస్టిక్‌నీ మెత్తబరుస్తుంది, రెండోది డ్యాష్‌బోర్డు చెక్క మీది లక్క పాలిష్‌ను కరిగిస్తుంది. పిల్లల చేతులకు శానిటైజర్ పూసి "ఇప్పుడు ముట్టుకోవచ్చు" అనేవాళ్లను దూరం పెట్టండి.

గీత పడితే గోరు అడ్డంగా లాగి చూడండి. గోరు తగలకపోతే ఇంటికెళ్లాక పాలిష్‌తో పోతుంది. తగిలితే పాలిష్‌తో పోదు. కొత్త పెయింటు మీద క్లియర్ కోట్ మొత్తం 40, 50 మైక్రాన్లే, తల వెంట్రుక కన్నా పలచన. గీత అడుగు దాకా అరగదీయబోతే కింద రంగు బయటపడుతుంది. అక్కడికక్కడ ఏదీ రుద్దకండి. టార్చిని పక్కవాటంగా పట్టి, కొలబద్ద ఆనించి ఫోటో తీయండి. ప్రదర్శన మొదలవ్వకముందు పొద్దునే నాలుగు పక్కలా అలాంటి ఫోటోలు తీసి ఉంచుకుంటే బీమావాళ్ల ముందు ఆ గీత ఆరోజు పడిందేనని చూపించగలరు. మీ పాలసీ ఆగి ఉన్న బండికి, ప్రదర్శనలో ఉన్నప్పుడు కూడా వర్తిస్తుందో లేదో వెళ్లేముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. కొన్ని పాలసీలు రోడ్డు మీద ఉన్నప్పుడు మాత్రమే పనికొస్తాయి.